ఆడుతున్న నాడి, ఆగిపోయిన నాడి

(హైస్కూల్లో జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలందరి పేర్లూ చదవమని హెచ్ఎం గారు చీటీ ఇచ్చారు గానీ, పిల్లలు పొద్దున్నుంచి ఎండలో కూర్చున్నారు, చీటీ జేబులో పెట్టేస్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఫిబ్రవరి 28 కాబట్టి రామన్ గారి గురించి చెప్పాలి. 1928లో ఇదే రోజు ఆయన రామన్ ఎఫెక్ట్ కనిపెట్టారు, మిగతాది మీ ఫిజిక్స్ సార్ చెబుతారు. నాకిచ్చిన అంశం నాడీకణం.

ఇదిగో చార్టు. 31 ఏళ్లు దీన్నే గోడకి తగిలించి పాఠం చెప్పాను. ఈ గుండ్రటిది కణదేహం, చుట్టూ వేళ్లలా ఉన్నవి డెండ్రైట్లు, ఈ పొడుగు తోక ఆక్సాన్. మన మెదడులో ఇలాంటివి దాదాపు 8,600 కోట్లు ఉన్నాయి. పటం గీసి భాగాలు గుర్తించండి అంటే మీరందరూ గీస్తారు. నేనూ గీశాను. 1984 మార్చిలో ఇంటర్ పరీక్షలో బ్రహ్మాండంగా గీసి వచ్చాను. ఆ ఏడాది ఆగస్టులో ఆ పటం నా కళ్ల ముందుకొచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయాను. అది తర్వాత చెబుతాను.

ముందు ఒక తికమక తీర్చాలి. మన తెలుగులో నాడి అంటే ఏమిటి? ఆచారి గారు మణికట్టు పట్టుకుని చూసేది నాడి. అది రక్తనాళం, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిరిపడుతుంది. పుస్తకంలో నాడీకణం అన్నప్పుడు వచ్చే నాడి వేరు, అది కబురు మోసేది. ఇక నరం అంటే మనవాళ్లు అన్నిటికీ వాడేస్తారు, సూది గుచ్చే సిరని కూడా నరమే అంటారు. ఈ రెండు నాడుల తేడా తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో... సరే, వరసలో వద్దాం.

కబురు ఎలా నడుస్తుంది? కరెంటు తీగలో పోయినట్టు అనుకుంటారు, కాదు. ఊరికే ఉన్నప్పుడు కణం లోపలి వైపు బయటికన్నా సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా, అంటే మైనస్‌లో ఉంటుంది. దాని పొరలో ఒక పంపు ఉంది, మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది, రాత్రీ పగలూ అదే పని. కబురు రాగానే ఒకచోట గేట్లు తెరుచుకుని సోడియం బిలబిలా లోపలికి వస్తుంది, అక్కడ విద్యుత్తు తిరగబడుతుంది, అది చూసి పక్క గేట్లు తెరుచుకుంటాయి, వాటిని చూసి ఆ పక్కవి. గడ్డివాము అంటుకున్నప్పుడు బావి నుంచి బిందెలు చేతులు మార్చుకుంటూ వెళ్తాయి చూడండి, మనుషులు కదలరు, బిందె కదులుతుంది, అలాగ. లావుపాటి, మయలిన్ అనే కొవ్వు తొడుగున్న ఆక్సాన్లలో అది సెకనుకి 100 మీటర్లు దాటుతుంది. మంటలా కాస్త ఆగి వచ్చే నొప్పిని మోసే సన్నవాటిలో సెకనుకి ఒక మీటరు, అంతే. కాలికి రాయి తగిలితే ముందు చురుక్కుమని, తర్వాత బాధ మొదలవుతుంది, గమనించారా?

ఇదంతా హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్ మీద ప్రయోగాలు చేసి 1952లో లెక్కలతో సహా రాశారు, 1963లో నోబెల్ వచ్చింది.

అసలు సంగతి తోక చివర ఉంది. వెనక బెంచీ, ఇటు చూడండిరా. ఆక్సాన్ వెళ్లి కండరానికి అతుక్కోదు. మధ్యలో సందు ఉంది, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ ఉంది. ఆ సందు దగ్గర కబురు రసాయనంగా మారిపోతుంది. 1921లో ఆస్ట్రియాలో ఓటో లోవీ అనే ఆయన దాన్ని రుజువు చేశాడు. ప్రయోగం కలలో వచ్చిందట, నిద్రమత్తులో కాగితం మీద గీకి పడుకున్నాడు, పొద్దున తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాటి రాత్రి మళ్లీ వస్తే తిన్నగా ల్యాబుకి పోయాడు. ఒక కప్ప గుండెకి వెళ్లే నాడిని ప్రేరేపించి దాన్ని నెమ్మదింపజేసి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని ఇంకో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. ఆ పదార్థమే అసిటైల్ కొలిన్. మన కండరాలకి కబురు చెప్పేదీ అదే. ఆక్సాన్ చివర చిన్న చిన్న మూటల్లో ఉంటుంది, మూట విప్పితే సందు దాటుతుంది, అవతల కండరం మీద తాళంకప్పలాంటి గ్రాహకం ఉంటుంది, ఆ తాళంలో పడితే కండరం ముడుచుకుంటుంది.

ఇప్పుడు 1984. మా చిన్నాన్న కొడుకు, నాకన్నా ఏడాది పెద్ద, వసారాలో చాప మీద పడుకున్నాడు. తెల్లవారుజామున మూడింటికి కడుపునొప్పి అని లేచాడు. మా చిన్నమ్మ వాము నీళ్లు ఇచ్చింది. ఐదింటికి మాట ముక్కుతో వస్తోంది, రెప్పలు వాలిపోతున్నాయి. నిద్ర చాలలేదు అన్నారు. చాప ఎత్తితే కింద కట్లపాము చుట్టుకుని ఉంది. ఒంటి మీద గాటు కనబడలేదు, వాపు లేదు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది, చాలాసార్లు నిద్రలో తెలియనే తెలియదు.

ఆస్పత్రి 22 కిలోమీటర్లు. పక్క ఊళ్లో మంత్రగాడు 3 కిలోమీటర్లు. బండి ఎటు తిరిగిందో మీకు తెలుసు. ఆయన వేపాకు నమలమన్నాడు, చేదు తెలిస్తే విషం లేనట్టు. మావాడు నమలలేకపోయాడు, దవడ కదలడం లేదు. తొమ్మిదింటికి కళ్లు పూర్తిగా మూతపడ్డాయి, పిలిస్తే పలకడం లేదు, అయిపోయింది అన్నారు. నేను చెయ్యి పట్టుకుని, చిన్నాన్నా, నాడి ఆడుతోంది అన్నాను. పోయేముందు అలాగే కొట్టుకుంటుందిలే అన్నాడు మంత్రగాడు. నేను ఇంకోసారి అనలేదు.

చార్టు చూడండి. కట్లపాము విషం ప్రధానంగా ఆక్సాన్ కొసన ఆ మూటలు విడుదల కాకుండా చేస్తుంది. నాగుపాము విషం అయితే అవతలి తాళంలో కూర్చుంటుంది. కబురు బయల్దేరుతుంది, చేరదు. రెప్పలు ముందు పడతాయి, తర్వాత గొంతు, చివరికి ఊపిరాడించే కండరాలు. గుండె తన లయ తానే చూసుకుంటుంది, దాని మీదున్న తాళంకప్ప వేరే రకం, అందుకే మణికట్టులో నాడి ఆడుతోంది. విషం మెదడులోకి పోదు. అంటే స్పృహ ఉంది. ఎవరైనా ఊపిరి అందిస్తూ ఉంటే ఆ ఆక్సాన్ కొసలు కొన్ని రోజులకో వారాలకో మళ్లీ పెరుగుతాయి. వెంటిలేటర్ చేసేది అదే. యాంటీవీనం, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఆలస్యమైతే అప్పటికే పాడైన కొసల్ని బాగుచెయ్యలేదు, అందుకే ఒక్క గంట కూడా మంత్రానికి ఇవ్వకూడదు.

అమ్మా, అక్కడ కూర్చున్న తల్లులూ, మీకే చెబుతున్నాను. కింద పడుకున్న పిల్ల అర్ధరాత్రి కడుపునొప్పి అని లేచి, రెప్పలు ఎత్తలేకపోతే, గాటు కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు. దోమతెర అంచులు పరుపు కిందకి దోపి పడుకోబెట్టండి. కళ్లు మూశారని, పలకలేదని ఎవరూ పోయారనొద్దు.

పిల్లలూ, ఇంకొకటి. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి కట్లపాము విషంలో ఒక పదార్థాన్ని వేరుచేశారు. ఆ తాళాన్ని పట్టుకుని బయటికి తీయడానికి శాస్త్రవేత్తలకి దొరికిన కొక్కెం అదే. మావాడు పోవడానికి 21 ఏళ్ల ముందు. నేను 1990లో చదివాను, అప్పటికి టీచర్నైపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా చిన్నమ్మ చాలా ఏళ్ల తర్వాత ఒకసారి అడిగింది. సైన్సు చదివావు గదరా, ఆ రోజు మేం ఏడుస్తుంటే వాడికి వినపడి ఉంటుందా అని. లేదు చిన్నమ్మా, ఏమీ తెలియలేదు వాడికి అన్నాను.

హెచ్ఎం గారు గడియారం చూపిస్తున్నారు. ఈ చార్టు ఇక్కడే వదిలేసి వెళ్తున్నాను, కింద మూల కాస్త చిరిగింది, ఎవరైనా గమ్ టేపు వేసుకోండి.