పేరు ఎక్స్‌ప్రెస్, ఆగేది పల్లెవెలుగులా: వదినతో నార్వే కబుర్లు

నేను: నమస్కారమండీ. ఈసారి గెస్ట్ కోసం ఎక్కడికీ పోలేదు, వంటింట్లోంచి మా వదినని లాక్కొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. అన్నయ్యా వదినా జూన్‌లో నార్వే వెళ్లి క్రూజ్ చేసి వచ్చారు. వదినా, ఎలా ఉంది క్రూజ్?

వదిన: ముందు ఆ క్రూజ్ అనే మాట తీసెయ్ నాయనా. నేనూ అలాగే అనుకుని రెండు పట్టుచీరలు సర్దుకున్నాను, రాత్రి భోజనాలకి తయారవ్వాలేమో, స్టేజీ మీద డాన్సులుంటాయేమో అని. తీరా చూస్తే అది ఆర్టీసీ బస్సు.

నేను: బస్సా?

వదిన: నీళ్ల మీద పోయే పల్లెవెలుగు. బెర్గెన్‌లో బయల్దేరి రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా పోతుంది, దారిలో 34 రేవులు, కొన్నిచోట్ల పావుగంట కూడా ఆగదు. స్కూలు బ్యాగుతో ఒక పిల్ల ఎక్కి తర్వాతి ఊళ్లో దిగిపోయింది. మేమేమో దేశాలు దాటి వచ్చి కెమెరాలు పట్టుకుని నిలబడ్డాం, ఆ పిల్ల కొండల వైపు ఒక్కసారి కూడా తలెత్తలేదు, ఫోన్ చూసుకుంటోంది.

నేను: ఈ సర్వీసు పాతదేనా?

వదిన: 1893 నుంచి. అంతకుముందు ఉత్తరాన ఉన్న ఊళ్లకి ఒక జాబు చేరాలంటే ఎండాకాలంలో వారాలు, చలికాలంలో నెలలు పట్టేదట. ఆ చీకట్లో, ఆ రాళ్ల మధ్య రాత్రిపూట ఓడ నడపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రిచర్డ్ విత్ అనే కెప్టెన్ నేను నడుపుతానన్నాడు. మొదటి ఓడ ట్రోన్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి 67 గంటల్లో వెళ్లింది. ఆ రూటు పేరు హుర్టిగ్రూటెన్, అంటే ఎక్స్‌ప్రెస్ రూటు అన్నమాట. పేరు ఎక్స్‌ప్రెస్, ఆగడమేమో ప్రతి ఊళ్లోనూ. ఇప్పుడు రెండు కంపెనీలు నడుపుతున్నాయి. మేం ఎక్కింది ఏదో చెప్పను, ఎందుకంటే తర్వాత తిట్లున్నాయి.

నేను: (నవ్వుతూ) ఆ తిట్లు ఇప్పుడే కానివ్వండి.

వదిన: తిట్లు ఓడని కాదులే, మా ఏజెంటుని. సముద్రం కనిపించే క్యాబిన్ అని ఎక్కువ డబ్బులు తీసుకున్నాడు. కర్టెన్ తీస్తే ఎదురుగా ఏముంది? లైఫ్‌బోటు! ఆరు రాత్రులూ ఆ నారింజరంగు పడవనే చూశాం. మీ అన్నయ్య మొదటిరోజంతా అలిగాడు. నిజానికి జూన్‌లో కిటికీ దండగ, రాత్రనేదే ఉండదు కదా, ఎంతసేపూ పైన డెక్ మీదే ఉంటాం. లోపలి క్యాబిన్ తీసుకుని ఆ మిగిలిన డబ్బులతో మంచి విండ్‌చీటర్ కొనుక్కోండి.

నేను: ఫియోర్డ్ అంటే కొండల మధ్య నది అనుకోవచ్చా? మన పాపికొండల్లాగా?

వదిన: చూడ్డానికి అలాగే అనిపిస్తుంది, మొదట నేనూ అదే అన్నాను. కానీ అది నది కాదు, సముద్రమే లోపలికి వచ్చింది. మంచు యుగంలో హిమానీనదాలు కొండని లోతుగా తొలిచేశాయి, మంచు కరిగాక ఆ గోతిలోకి సముద్రం వచ్చి చేరింది. సోగ్నెఫియోర్డ్ అని ఒకటుంది, దాని లోతు 1,308 మీటర్లు. విచిత్రమేంటంటే సముద్రంలో కలిసేచోట లోతు బాగా తక్కువ. ఆ చివరకొచ్చేసరికి మంచు పలచబడి బలం తగ్గిపోయింది మరి.

మేం వెళ్లింది గైరాంగర్ అనే ఫియోర్డ్‌కి. జలపాతాలు ఉన్నాయి, ఫోటోలన్నీ నీకు పంపాను కదా, దాని గురించి ఎక్కువ చెప్పను. నా కళ్లు మాత్రం కొండ అంచున అతుక్కున్నట్టున్న పాత ఇళ్ల మీదే ఉన్నాయి. అక్కడ వ్యవసాయం చేసేవాళ్లట! పన్ను వసూలుకి మనిషి వస్తున్నాడంటే నిచ్చెన పైకి లాగేసేవాళ్లని ఒక కథ.

నేను: ఆ ఐడియా బావుంది.

వదిన: బావుందిగానీ, ఆ పక్కనే భయపెట్టేదొకటి ఉంది. ఓక్నెసెట్ అనే కొండకి పెద్ద చీలిక ఉంది, ఏటా కొన్ని సెంటీమీటర్లు జరుగుతోంది. సెన్సార్లు పెట్టి రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉంటారు. అది విరిగి నీళ్లలో పడితే అల లేచి ఊళ్ల మీద పడుతుంది. ఊరికే అనడం కాదు, 1934లో దగ్గర్లోనే టాఫియోర్డ్‌లో అలాగే కొండ పడి, ఆ అలకి 40 మంది పోయారు. ఇది విన్నాక నేను జలపాతాన్ని కాదు, కొండనే చూస్తూ కూర్చున్నాను.

నేను: వాంతులూ అవీ?

వదిన: అయ్యో, అడగకు. ఓడ చాలావరకు దీవుల చాటున పోతుంది, నీళ్లు చెరువులా ఉంటాయి. ఆ ధైర్యంతోనే బోడోలో మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను. అక్కడ దాటగానే వెస్ట్‌ఫియోర్డ్, పేరుకే ఫియోర్డ్, అదంతా బయటి సముద్రమే. లోఫోటెన్ దీవులు చేరేదాకా గంటల తరబడి ఊపుడే. ఎదురుగా కొండలు సముద్రంలోంచి గోడ లేచినట్టు వస్తున్నాయి, అందరూ ఆహా ఓహో అంటున్నారు, నేనేమో కవరు పట్టుకుని... సరే వదిలెయ్.

ఆ రాత్రే ట్రోల్‌ఫియోర్డ్. దాదాపు పన్నెండు, వెలుతురు మాత్రం మనకి సాయంత్రం ఐదున్నరలా ఉంది. లోపలికి పోయే దారి వెడల్పు 100 మీటర్లే, మా ఓడ పొడవు అంతకన్నా ఎక్కువ! మెల్లగా దూరి, చివరికి వెళ్లి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి బయటికొచ్చింది. డెక్ మీద అంతమంది ఉన్నా ఒక్కరూ మాట్లాడలేదు. మీ అన్నయ్య కూడా.

నేను: అది రికార్డు.

వదిన: ఔను. కానీ నాకు బాగా నచ్చింది అదీ కాదు, అర్ధరాత్రి రేవులు. ఒంటిగంటకి ఏదో చిన్న ఊళ్లో ఓడ ఆగుతుంది, పక్కన తలుపు తెరుచుకుంటుంది, ఫోర్క్‌లిఫ్టు వచ్చి అట్టపెట్టెలు, టైర్లు, ఒకచోట సోఫా కూడా దింపింది. ఆ సోఫా కోసం ఒకాయన వ్యాన్ వేసుకుని ఎదురుచూస్తున్నాడు. పగలు చూసేవన్నీ నీకు యూట్యూబ్‌లో దొరుకుతాయి. అలారం పెట్టుకుని లేచి ఇవి చూడాలి.

నేను: ట్రోమ్సో, నార్త్ కేప్?

వదిన: చూశాం. నార్త్ కేప్ అంటే నార్వే ఉత్తరపు కొసన 307 మీటర్ల కొండ, పైన ఒక ఇనుప గ్లోబు, దాని ముందు ఫోటోకి క్యూ. ఆ రోజు పొగమంచు, నా వెనక గ్లోబు ఉందని నువ్వు నమ్మాలి అంతే.

నేను: ఎండు చేపల సంగతి చెప్తానన్నారు.

వదిన: ఆ! లోఫోటెన్‌లో దిగగానే వాసన. నాకు ఉప్పాడలో మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. చలికాలం చివర్లో పట్టిన కాడ్ చేపల్ని జంటలుగా తోకలు కట్టి కర్రల మీద వేలాడదీస్తారు. మనం ఉప్పు పట్టించి ఇసుకలో ఆరబెడతాం కదా, వాళ్లు చిటికెడు ఉప్పు కూడా వెయ్యరు. సున్నాకి అటూఇటూ చలి, గాలి, అంతే. ఈగలు లేచే కాలానికి చేప ఎండిపోయి ఉంటుంది. తలలు విడిగా ఎండబెట్టి నైజీరియాకి పంపుతారు, అక్కడ పులుసులో వేసుకుంటారట. మన వాళ్లకి ఈ రుచి ఎలా తెలీకుండా పోయిందో!

నేను: తెచ్చారుగా ఒకటి?

వదిన: మీ అన్నయ్య తెచ్చాడు. కర్రలా ఉంది. వారంపాటు నీళ్లు మారుస్తూ నానబెట్టాలట. ఈరోజుకి నాలుగో రోజు.

నేను: అంటే, బాత్రూంలో మూత పెట్టిన ఆ బకెట్టు...

వదిన: నువ్వు తెరిచావా?