మోకాలి గుజ్జు సూదితో మళ్ళీ పెరుగుతుందా?

నమస్కారం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఆఖర్లో మోకాళ్ళ పర్వతం. ఈ ఊళ్ళో మోకాలి నొప్పి వస్తే ముందు గుర్తొచ్చేది అదే, కొండెక్కలేమేమోనని. అందుకే "గుజ్జు మళ్ళీ పెంచే సూది" అనగానే ఎంతైనా పెట్టేస్తారు. ఆ సిరంజిలో ఏముందో, పరీక్షల్లో ఏం తేలిందో చూద్దాం.

గుజ్జంటే ఎముకల చివర్ల మీద రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల నున్నటి పొర. దానికి రక్తనాళాల్లేవు, అందుకే దెబ్బతింటే తనంతట మానదు. నరాలూ లేవు. నొప్పి పుట్టేది కింది ఎముకలో, చుట్టూ వాచిన సైనోవియం పొరలో. ఈ నరాల సంగతి గుర్తుంచుకోండి.

గుజ్జును పెంచి చూపించిన మందు స్ప్రిఫెర్మిన్, ఎఫ్‌జీఎఫ్-18 అనే పెరుగుదల ప్రోటీన్. 549 మంది మీద చేసిన ట్రయల్ 2019లో జామా పత్రికలో వచ్చింది. 100 మైక్రోగ్రాముల సూది, వారానికొకటి చొప్పున మూడు, ఆరు నెలలకోసారి మళ్ళీ. రెండేళ్ళకి ఉత్తుత్తి మందు వేయించుకున్నవాళ్ళ కంటే గుజ్జు 0.05 మిల్లీమీటర్ల మందం ఎక్కువగా ఉంది. నొప్పి? చెప్పుకోదగ్గ తేడా లేదు. గుజ్జులో నరాల్లేవన్నాం కదా. ఎమ్మారైలో పొర మందమైనంత మాత్రాన మెట్లెక్కగలమని కాదన్నమాట.

పీఆర్‌పీ (ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా) సంగతి ఇంకోరకం. మీ రక్తమే తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని కీలులోకి ఎక్కిస్తారు. ఎంత రక్తం, ఎన్ని నిమిషాలు, ఎంత వేగం అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒక క్లినిక్ పీఆర్‌పీ, పక్క క్లినిక్ పీఆర్‌పీ ఒకటి కావు. 2021లో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్‌లో 288 మందికి మూడు వారాలు మూడు సూదులు, సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉత్త సెలైన్. ఏడాదికి నొప్పి రెండు గుంపుల్లోనూ తగ్గింది, దాదాపు ఒకేలా. గుజ్జు పరిమాణంలోనూ తేడా లేదు. "మా పెద్దమ్మకి తగ్గిందే" అనేవాళ్ళు అబద్ధమాడట్లేదు, సెలైన్‌కీ తగ్గుతుంది మరి!

మూలకణాల సంగతికొస్తే, మన దేశంలో 2022లో ఒక మందుకి అనుమతి వచ్చింది, స్టెమ్‌ప్యూసెల్. దాతల ఎముక మజ్జ నుంచి పెంచిన రెండున్నర కోట్ల కణాలు, వెంటనే కీలులో జారుడు కోసం 2 మిల్లీలీటర్ల హయలురోనిక్ ఆసిడ్. అది అరుగుదల గ్రేడ్ 2, 3లో ఉన్నవాళ్ళకే. ఎముకా ఎముకా రాసుకునే గ్రేడ్ 4కి కాదు. అమెరికాలో 475 మందితో మూడు రకాల కణాలను మామూలు స్టెరాయిడ్‌తో పోల్చి చూస్తే, ఏడాదికి ఏదీ స్టెరాయిడ్‌ని మించలేదు. అది 2023 మాట. కొరియాలో ఇన్వోసా అనే కణాల సూది కథైతే ఇంకా ఘోరం. 2017లో అనుమతిచ్చారు, గుజ్జు కణాలన్నవాటిలో ఒక రకం నిజానికి కిడ్నీ కణాలని తేలాక 2019లో రద్దు చేశారు.

ఈమధ్య వాట్సాప్‌లో తిరుగుతున్న స్టాన్‌ఫర్డ్ వార్త? 15-పీజీడీహెచ్ అనే ఎంజైమ్‌ని ఆపితే గుజ్జు తిరిగొచ్చింది, ఎలుకల్లో.

స్టెరాయిడ్ గుజ్జు పెంచదు, కొన్ని వారాలు వాపు తగ్గిస్తుంది, అంతే. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు మూడు నెలలకోసారి రెండేళ్ళు వేస్తే, సెలైన్ వేసినవాళ్ళ కంటే గుజ్జు ఎక్కువ అరిగిందని 2017లో తేలింది. సుగర్ ఉన్నవాళ్ళకి సూది తర్వాత కొన్ని రోజులు సుగర్ పెరుగుతుంది, ఇంట్లో చూసుకుంటూ ఉండండి.

"ఇది ప్రయోగం" అని ఎవరైనా చెబితే ముందు సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూడొచ్చు. సమ్మతి పత్రం మీకర్థమయ్యే భాషలో ఉండాలి, హాని జరిగితే చికిత్స, పరిహారం రాసి ఉండాలి. ట్రయల్ అంటూనే లక్షలు కట్టమంటే లేచి వచ్చేయండి. సూది అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తారా అనీ అడగండి, గురి తప్పితే మందు కీలులోకి పోకుండా ముందున్న కొవ్వులో పడుతుంది.

వేశాక రెండు మూడు రోజుల వాపు మామూలే. జ్వరమొచ్చి, మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బి, కాలు కదపలేకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా క్యాజువాలిటీకి వెళ్ళండి. కీలులో చీము పడితే ఉన్న గుజ్జు కూడా రోజుల్లోనే పోతుంది.