పీకూ: కారు మీద కమోడ్ కుర్చీ ఎక్కించిన సినిమా

అందరికీ నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఇది స్పాన్సర్డ్ వీడియో. మన విజయనగరంలోనే పెద్దవాళ్ళకి కావాల్సిన సామాన్లు అమ్మే ఒక సర్జికల్ షాపు వాళ్ళు, ఇదిగో నా పక్కనున్న ఈ కమోడ్ కుర్చీని, అంటే బాత్రూంకి బదులు కూర్చునే, కింద బకెట్ ఉండే కుర్చీని, ఉచితంగా ఇచ్చి రివ్యూ చెయ్యమన్నారు. ఎత్తు ఎంత, ఎంత బరువు ఆగుతుంది, ధర ఎంత, అవన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, చూసుకోండి. నేను వాళ్ళకి ఒక్క షరతు పెట్టాను. కుర్చీ గురించి చెప్పాలంటే ముందు ఒక సినిమా గురించి చెబుతాను, వీడియోలో ఎక్కువ భాగం అదే ఉంటుంది అన్నాను. ఒప్పుకున్నారు.

ఆ సినిమా పీకూ. 2015లో వచ్చింది. 2025 మేలో పదేళ్ళయిన సందర్భంగా మళ్ళీ థియేటర్లలో కూడా వేశారు. షూజిత్ సర్కార్ డైరెక్షన్, జూహీ చతుర్వేది రచన. అమితాబ్ బచ్చన్ తండ్రి, దీపికా పదుకోన్ కూతురు, ఇర్ఫాన్ ఖాన్ ట్యాక్సీల ఓనర్. అమితాబ్‌కి ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది, రచనకి జూహీకి కూడా వచ్చింది. ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి అక్కడితో వదిలేస్తున్నాను. ఇంకో మాట, నేను క్లైమాక్స్ కూడా మాట్లాడతాను. చూడనివాళ్ళు చూసి రండి.

కథ ఏముంది? ఢిల్లీలో 70 ఏళ్ళ భాస్కోర్ బెనర్జీ, ఆయన కూతురు పీకూ. ఆమె ఆర్కిటెక్ట్. తండ్రికి మలబద్ధకం. సినిమా అంతా దాని చుట్టూనే. పొద్దున లేచింది మొదలు మోషన్ అయిందా, అయితే ఎలా అయింది, రంగేమిటి, అవే మాటలు. కూతురు ఆఫీసులో ఉన్నా, బయట ఎవరితోనో భోజనం చేస్తున్నా ఫోన్‌లో అవే. ఇది చూసి చాలామంది ఛీ అన్నారు, కొందరు కామెడీ కోసం పెట్టారనుకున్నారు. నాకు మాత్రం మొదటి పది నిమిషాల్లోనే అర్థమైంది, ఈ కథ రాసినామె ఒక పెద్దాయన ఉన్న ఇంట్లో నిజంగా బతికి ఉంటుంది.

మా నాన్నగారు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైర్ అయ్యారు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నారు. మా ఇంట్లో కూడా పొద్దున కాఫీ కంటే ముందు వచ్చే ప్రశ్న అదే. పెద్దవాళ్ళకి అది ఎందుకంత పెద్ద విషయమో బయటివాళ్ళకి తెలీదు. నడక తగ్గిపోతుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా మోషన్‌ని గట్టిపరుస్తాయి. పళ్ళు సరిగ్గా లేక ఆకుకూర, పీచు ఉన్న కూరలు మానేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, రాత్రి లేవాల్సి వస్తుందనే భయంతో సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం ఆపేస్తారు. నాన్నగారు కూడా అంతే. గ్లాసు పక్కన పెట్టి వెళితే పొద్దున అలాగే ఉంటుంది. మోషన్ కోసం ఇసబ్‌గోల్ పీచు పొడి కలిపి ఇస్తే, దానికి నీళ్ళు సరిపడా తాగకపోతే ఇంకా బిగుసుకుంటుంది. ఇలాంటి చిన్న చిన్న లెక్కలతోనే మా రోజు గడుస్తుంది. దాన్ని ఒక పెద్ద హీరోయిన్, ఒక పెద్ద హీరో ఉన్న సినిమా మొహమాటం లేకుండా చూపించింది. నాకు ఇదే పెద్ద గౌరవంగా అనిపించింది.

ఇప్పుడు కుర్చీకి వద్దాం. నేను ఈ సినిమాని ఎక్కువ ఇష్టపడటానికి కారణం ఆ కుర్చీ. భాస్కోర్ కలకత్తాలో పూర్వీకుల ఇంటికి వెళ్ళాలంటాడు. విమానం వద్దు, రైలు వద్దు, మోషన్ సంగతి ఉంది కదా, కారులోనే అంటాడు. ఢిల్లీ నుంచి కలకత్తా అంటే దాదాపు 1500 కిలోమీటర్లు. డ్రైవర్లెవరూ రాకపోతే చివరికి ఓనర్ రాణా తనే బండి తీస్తాడు. కారు పైన ఏం కట్టారో తెలుసా? కమోడ్ కుర్చీ. ఊళ్ళు, హైవేలు, ధాబాలు దాటుకుంటూ అందరూ చూస్తుండగా ఆ కుర్చీ కారు మీద కూర్చుని వెళుతుంది. థియేటర్లో జనం నవ్వారు, నేను నవ్వలేదు. మా పెళ్ళిళ్ళకి, దినాలకి, పైడితల్లమ్మ పండగకి బంధువుల ఇళ్ళకి వెళ్ళాలంటే నాన్నగారు మానేసేది ఈ ఒక్క కారణంతోనే. అక్కడ బాత్రూం ఎలా ఉంటుందో, కింద కూర్చునేదా, మెట్లు ఉన్నాయా, రాత్రి ఎవరిని లేపాలి... ఈ టెన్షన్‌తో 'నాకు ఒంట్లో బాలేదు, మీరెళ్ళండి' అనేస్తారు. వయసైన మనిషి ఊరు కదలాలంటే ముందు కుర్చీ కదలాలి. ఆ సంగతి ఈ సినిమా మాటల్లో చెప్పదు, కారు మీద కట్టి చూపిస్తుంది.

ఈ షాపు కుర్చీ రాకముందు మా ఇంట్లో ఏం వాడామో చెప్పనా? మామూలు ప్లాస్టిక్ కుర్చీ కొని, మధ్యలో గుండ్రంగా కోయించి, కింద బకెట్ పెట్టాం. చాలా ఇళ్ళల్లో ఇలాగే చేస్తారు. కోసిన అంచు ఒరుసుకుంటుంది, కాళ్ళు జారతాయి. నాన్నగారు దాని మీద కూర్చున్నంతసేపూ నేను వెనకాల పట్టుకుని నిలబడేదాన్ని, అది ఆయనకి ఎంత సిగ్గుగా ఉండేదో నాకు తెలుసు. దాని తర్వాత వెస్ట్రన్ కమోడ్ మీద బిగించే ఎత్తు సీటు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాం. అది పక్కకి కదిలిపోయేది, వెనక్కి పంపేశాం. అలాంటప్పుడు ఈ కుర్చీ వచ్చింది. చేతులు పెట్టుకునే కడ్డీలు గట్టిగా ఉన్నాయి, కాళ్ళకి రబ్బరు బుషులు ఉన్నాయి. నాన్నగారు ఇప్పుడు తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చుంటున్నారు. నాకు అంతకంటే కావాల్సింది లేదు. సినిమాలో రాణా బొమ్మ గీసి చూపిస్తాడు గుర్తుందా, గొంతుక్కూర్చుంటే మోషన్ సులువు అని? అది నిజమే. అలా కూర్చున్నప్పుడు మలద్వారం దగ్గరి కండరం వదులై దారి తిన్నగా అవుతుంది. మోకాళ్ళు వంగని వాళ్ళకి ఈ కుర్చీలో కూర్చోబెట్టి పాదాల కింద చిన్న పీట పెట్టండి. మేం అలాగే చేస్తున్నాం. పీట కుర్చీతో పాటు రాదు, ఇంట్లోది వాడుకోవాలి.

సినిమాలో నాకు బాగా నచ్చిన రెండో విషయం పీకూ కోపం. తండ్రిని చూసుకునే కూతురంటే మన సినిమాల్లో ఎప్పుడూ మెత్తగా మాట్లాడుతుంది, దేవుడి పటం ముందు ఏడుస్తుంది. పీకూ అరుస్తుంది. డ్రైవర్ల మీద అరుస్తుంది, ఆఫీసులో చిరాకు పడుతుంది, తండ్రి మొహం మీదే విసుక్కుంటుంది. వెంటనే మందు ఇస్తుంది. రెండూ ఒకే నిమిషంలో. నాన్న మీద గొంతు పెంచి, ఆ నోటితోనే 'మజ్జిగ తాగుతారా' అని అడిగిన రోజులు మన ఇళ్ళల్లో ఎన్ని లేవు! దీపిక ఆ చిరాకుని మొహంలో దాచలేదు. పైగా రాణాతో ఒకచోట సూటిగా చెబుతుంది: ఒక వయసు దాటాక అమ్మానాన్నలు వాళ్ళంతట వాళ్ళు బతకలేరు, వాళ్ళని బతికించుకోవాల్సింది పిల్లలే అని. అందులో త్యాగం లాంటి పెద్ద మాట ఒక్కటీ లేదు, పని గురించి చెప్పినట్టు చెబుతుంది.

ఆ తండ్రి కూడా మంచివాడని చూపించలేదు. తన కూతురు ఎవరి మీదా ఆధారపడదని గొప్పగా చెప్పుకుంటాడు, పెళ్ళి చేసుకుంటే ఆడవాళ్ళ బుద్ధి మందగించినట్టే అంటాడు. ఎవరైనా ఆమె మీద ఆసక్తి చూపిస్తే ఆమె కన్య కాదని వాడితో చెప్పేస్తాడు. చాలా మంది దీన్ని ఆధునిక తండ్రి అనుకున్నారు. నాకు అలా కనిపించలేదు. ఆమె వెళ్ళిపోతే తన సంగతేంటన్న భయం అది. దాన్ని ఆశయంలా మాట్లాడుతున్నాడు.

కూతురి దగ్గర ఉండే తండ్రిని ఈ ఊళ్ళో ఎలా చూస్తారో కూడా చెప్పాలి. 'కొడుకు లేడేటండీ?' అని అడుగుతారు. అన్నయ్య ఉన్నాడు, హైదరాబాద్‌లో ఉంటాడు, డబ్బు పంపిస్తాడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో కూడా కొడుకుతో సమానంగా కూతురికీ బాధ్యత ఉందని రాశారు, అయినా ఆ ప్రశ్న ఆగదు. నాన్నగారు ఆ ప్రశ్న విన్న రోజు రాత్రి అన్నం తక్కువ తింటారు.

ఇప్పుడు నా కోపం. ఈ సినిమాలో రాత్రి లేదు! పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళకి అసలు పని మొదలయ్యేది రాత్రి. మంచం చప్పుడైతే లేవాలి, లైటు వెయ్యాలి, చెయ్యి పట్టుకోవాలి, పక్కదుప్పటి తడిస్తే మార్చాలి. పీకూ పొద్దున చక్కగా నిద్రపోయి లేచినదానిలా ఆఫీసుకి వెళుతుంది. ఇంట్లో బుధన్ అని ఒక పనివాడు ఉంటాడు, బరువు పనులన్నీ అతనివే. కారులో కూడా అతను వెనకాల వస్తాడు. కుర్చీ శుభ్రం చేసేది ఎవరు? సినిమా అతని గురించి ఒక్క నిమిషం ఆగదు. ఇంత నిజాయితీగా రాసిన చోట ఈ ఒక్క మనిషిని గాలికి వదిలేశారు. నాకు ఇది చాలా పెద్ద లోటు.

ముగింపు కూడా అంతే. భాస్కోర్ కలకత్తా వీధుల్లో ఎవరికీ చెప్పకుండా సైకిల్ తొక్కుతాడు, బయట తిండి తింటాడు, మోషన్ బ్రహ్మాండంగా అవుతుంది, నిద్రలోనే పోతాడు. అందరికీ అలాంటి చావు కావాలని ఉంటుంది, నాకూ నాన్నగారికి అదే కావాలి. కానీ మంచాన పడ్డ సంవత్సరాలు, ఆసుపత్రి వరండాలు, పైపులు, ఇవన్నీ దాటేసి ఆయన్ని హాయిగా పంపించేశారు. రచయిత్రి ఆయన మీద ప్రేమతో చేసిందని తెలుసు, అయినా నాకు మింగుడు పడలేదు.

నాన్నగారితో కలిసి చూశాను. ఆయనకి హిందీ అంతంతమాత్రం, మధ్యలో బెంగాలీ కూడా ఉంది, పక్కన కూర్చుని చెబుతూ వచ్చాను. కలకత్తా వచ్చేసరికి ఆయన లేచి సరిగ్గా కూర్చున్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఒకప్పుడు ఎంతోమంది ఖరగ్‌పూర్ రైల్వే పనులకి, హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లులకి వెళ్ళారు కదా. మిల్లులో ఆయన విన్న పేర్లన్నీ ఆ ఊరివే. భాస్కోర్ మాటిమాటికీ జ్వరం చూసుకుంటుంటే 'ఆయనకి జబ్బేటీ లేదమ్మా, బయం' అన్నారు. సైకిల్ సీన్‌లో ఆయన సంతోషపడతారనుకున్నాను. లేదు, కోప్పడ్డారు. 'సెప్పకుండా ఎల్లిపోతే ఆ పిల్ల ఏటైపోవాలి?' అన్నారు. పీకూ తిరిగొచ్చిన తండ్రి మీద విరుచుకుపడుతుంటే తల ఊపుతూ చూశారు.

రాత్రి గురించి, బుధన్ గురించి నాకున్న కోపం తగ్గదు. అయినా ఈ సినిమా చూడమని గట్టిగా చెబుతున్నాను, మీ ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకునే చూడండి. అమితాబ్ కంటే కూడా దీపిక కోసం చూడండి.

కుర్చీ కూడా కొనొచ్చు, ఒక్క లోపం తెలుసుకుని కొనండి. కింద బకెట్ పక్కనుంచి లాగడానికి రాదు, సీటు ఎత్తి పైనుంచి తియ్యాలి. రోజూ వంగి తీసేవాళ్ళ నడుముకి అది కష్టం. షాపు వాళ్ళకి చెప్పాను, పక్కనుంచి లాగే మోడల్ కూడా ఉందన్నారు, దాని ధర కొంచెం ఎక్కువ. మీరు ఆ మోడలే అడగండి. ఇంట్లో రాత్రి లేచే పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు మీరేం వాడుతున్నారో కామెంట్‌లో రాయండి, వచ్చే వీడియో వాకర్ల మీద, అందులో మీ మాటలు కూడా చదువుతాను.