ఏంజెలా ముఖం ఎందుకు మారింది?

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం వీడియో గేమ్ రీమేక్‌లలో పాత్రల రూపం మారడం, దాని మీద అభిమానులు అల్లే థియరీలు. సాంకేతిక విషయాలే చెప్పమని నిర్వాహకులు కోరారు. చెబుతాను. కానీ ఈ అంశం పేరు వినగానే నాకు గుర్తొచ్చింది టెక్నాలజీ కాదు, ఒక అమ్మాయి. ఆ సంగతి చెప్పకుండా ఈ వేదిక దిగలేను. అది ముందే చెప్పేస్తున్నాను.

నేను గేముల్లో పాత్రల ముఖాలు తయారుచేసే పనిలో ఉన్నాను. మొదటి ప్లేస్టేషన్ అనే గేమ్ మెషీన్‌లో మెయిన్ మెమరీ 2 ఎంబీ. తెర మీది బొమ్మల కోసం ఇంకో 1 ఎంబీ. మన ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంత ఇరుకులో మనిషి ముఖం పట్టించాలంటే ఏం చేసేవారంటే, చాలా గేముల్లో సగం ముఖమే గీసేవారు. ఆ సగాన్నే తిప్పి రెండో వైపు అతికించేవారు. ఒక చెంప మీద పుట్టుమచ్చ పెడితే రెండో చెంప మీదా అదే ప్రత్యక్షమవుతుంది. అందుకని అసలు పెట్టేవారే కాదు. ఇప్పుడా బాధ లేదు. ముఖం మొత్తం విడిగా గీయొచ్చు. రీమేక్ చేసే ఆర్టిస్టు ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్న గాటు పెడతాడు, ముఖానికి ప్రాణం వస్తుందని. ట్రైలర్ వచ్చిన మర్నాటికే థియరీ తయారవుతుంది. ఆ గాటు ఎక్కడిది? కథలో ఏదో మార్చారు, మన దగ్గర దాస్తున్నారు!

నవ్వకండి. ఆ ప్రశ్న అడిగినవాళ్లది తప్పు కాదు. వాళ్లు అడగబట్టే కొన్నిసార్లు నిజం బయటపడింది. ఫైనల్ ఫాంటసీ 7 సంగతి చూడండి. అసలు గేమ్ 1997లో వచ్చింది, రీమేక్ మొదటి భాగం 2020లో. ఆ రీమేక్ చివర్లో జాక్ అనే పాత్ర కనిపించే సన్నివేశం ఉంది కదా, అక్కడ ఒక చిప్స్ ప్యాకెట్ గాలికి ఎగురుతూ వస్తుంది. దాని మీద స్టాంప్ అనే కుక్క బొమ్మ. అంతవరకూ గోడల మీద మనం చూసిన స్టాంప్ బీగిల్ జాతి కుక్క. ప్యాకెట్ మీద ఉన్నది టెర్రియర్. రెప్ప వేస్తే తప్పిపోయే బొమ్మ అది! అభిమానులు వదల్లేదు. కుక్క మారిందంటే లోకమే మారిందన్నారు. 2024లో రెండో భాగం ‘రీబర్త్’ వచ్చాక చూస్తే అంతే, ఒక్కో లోకంలో స్టాంప్ ఒక్కో జాతి.

అదే రీమేక్‌లో టిఫా అనే అమ్మాయి పాత్ర దుస్తులు కూడా మారాయి. దాని వెనక కథ గిథ ఏమీ లేదు. సంస్థలోని ఎథిక్స్ విభాగం సూచన మేరకు మార్చామని డిజైనర్ తెత్సుయా నొమురా 2019లోనే చెప్పారు. ఒకే గేమ్‌లో ఒక మార్పు కథలో భాగం, ఇంకో మార్పు ఆఫీసులో తీసుకున్న నిర్ణయం. ఏది ఏదో బయట కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? చెప్పే దిక్కు లేనప్పుడు థియరీ పుట్టి తీరుతుంది. నోరు విప్పని స్టూడియోలకు అభిమానుల్ని తప్పుపట్టే హక్కు లేదంటాను నేను.

ఇక ఏంజెలా. సైలెంట్ హిల్ 2, 2001. కోనామి వాళ్ల హారర్ గేమ్. జేమ్స్ అనే అతను చనిపోయిన భార్య నుంచి ఉత్తరం వచ్చిందని సైలెంట్ హిల్ అనే ఊరు వెళ్తాడు. శ్మశానంలో ఏంజెలా ఎదురవుతుంది. ఆమె వయసు 19. కానీ ఆ ముఖం చూసినవాళ్లెవరూ 19 అనుకోరు. ముప్పై దాటిన మనిషిలా, నిద్ర అన్నది ఎరగని మనిషిలా ఉంటుంది. తండ్రి చేతిలో ఆమె పడిన నరకం ఆ ముఖాన్ని ముసలిదాన్ని చేసిందని అభిమానులు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నేనూ అదే నమ్ముతాను. ఒకచోట మంటల మధ్య మెట్ల మీద నిలబడి, తనకు ఎప్పుడూ ఇలాగే ఉంటుందని ఆమె జేమ్స్‌తో అంటుంది చూడండి, ఆ మాట ఆ ముఖానికే నప్పుతుంది.

2024లో బ్లూబర్ టీమ్ రీమేక్ వచ్చింది. ట్రైలర్లలో ఏంజెలా గుండ్రటి ముఖంతో, నిజంగా 19 ఏళ్ల పిల్లలా కనిపించింది. గొడవ మొదలైంది. చెడగొట్టారన్నారు కొందరు. నా స్నేహితుడొకడి థియరీ మాత్రం నాకు భలే నచ్చింది. ఆ ఊరు ఎవరికి కనిపించేట్టు వాళ్లకు కనిపిస్తుంది, చిన్నపిల్ల లారాకు అక్కడ రాక్షసులే లేరు. అలాంటప్పుడు మనం చూసే ఏంజెలా కూడా జేమ్స్ కళ్లకు కనిపించే ఏంజెలాయే. పాత గేమ్‌లో ఆమె బాధ కనిపించింది, కొత్త గేమ్‌లో ఆమె వయసు కనిపించింది. ఇలా అనుకుంటూ రీమేక్ మళ్లీ ఆడి చూడండి. ఆమె ఒకచోట కత్తి పట్టుకుంటుంది, లేత ముఖం ఉన్న పిల్ల చేతిలో ఆ కత్తి ఇంకా ఎక్కువ భయపెడుతుంది.

ఇదే గేమ్‌లో ఇంకొకటి. పాత సైలెంట్ హిల్ 2లో ఒక అపార్ట్‌మెంట్ గదిలో టీవీ ముందు శవం ఉంటుంది. ఆ శవానికి వాడింది జేమ్స్ మోడలే, అంటే జేమ్స్ పాత్ర కోసం కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మే. ఉన్న మోడల్‌ని మళ్లీ వాడుకోవడం మా పనిలో మామూలే. అభిమానులు మాత్రం వేరే రకంగా చదివారు: జేమ్స్ ఈ ఊరికి రావడం ఇది మొదటిసారి కాదు, తిరిగి తిరిగి ఇక్కడికే వస్తున్నాడు. మరి రీమేక్‌లో ఏం పెట్టారు? 26 వింత ఫొటోలు. ఒక్కో ఫొటోలో దాగిన అంకె ఒక్కో అక్షరాన్ని సూచిస్తుంది. 26 అక్షరాలూ కలిపితే ‘నువ్వు ఇక్కడ ఉండి రెండు దశాబ్దాలైంది’ అన్న వాక్యం వస్తుంది. దాన్ని విప్పింది కూడా ఒక అభిమానే! థియరీ వెళ్లి గేమ్‌లోనే కూర్చుంది. రీమేక్ చేసేవాళ్లు కూడా ఒకప్పుడు మనలా రాత్రుళ్లు మేలుకుని వాదించినవాళ్లే కదా.

ఇక్కడితో నా పేపర్ ప్రకారం ఫేస్ స్కానింగ్ గురించి చెప్పాలి. ఆ అమ్మాయి సంగతి అక్కడే ఉంది.

స్కాన్ అంటే ఏమిటో మీలో చాలామంది చూసి ఉండరు. మనిషి చుట్టూ వరసగా కెమెరాలు ఉంటాయి. జుట్టంతా టోపీలోకి నెట్టేస్తారు. మేకప్ ఉండదు. కనుబొమ్మలు ఎత్తమంటారు, ముక్కు చిట్లించమంటారు, బుగ్గలు ఊదమంటారు, పళ్లు బిగించమంటారు. ఒక్కో భంగిమకూ కెమెరాలన్నీ ఒకేసారి మెరుస్తాయి. నేను పనిచేసిన ఒక రీమేక్‌లో హీరోయిన్ ముఖం ఒక కొత్త అమ్మాయిది. చిన్న చిన్న మోడలింగ్ పనులు చేసుకునేది. అన్నీ ఓపిగ్గా చేసింది. ఏడుపు ముఖం పెట్టమంటే నిజంగానే ఏడ్చేసి, సారీ అని నవ్వింది.

ట్రైలర్ వచ్చింది. పాత హీరోయిన్‌లా లేదన్నారు. అనొచ్చు. ఆ తర్వాత ఈ ముఖం ఎవరిదా అని వెతికారు. దొరికింది. ఆమె సొంత ఫొటోలు తీసుకొచ్చి, ముక్కు మీదా దవడ మీదా ఎర్ర గీతలు గీసి, లోపాలు ఎక్కడున్నాయో చూపించారు. ఈమె ఎవరి సిఫార్సు మీద వచ్చిందో దానికీ ఒక థియరీ అల్లారు. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి ఒకే మాట అడిగింది: “మీరు నా ముఖాన్ని ఏమైనా మార్చారా, లేక నేను నిజంగానే అలా ఉంటానా?” మేం మార్చాం. కళ్ల మధ్య దూరం, దవడ వెడల్పు, అన్నీ ఆ పాత్రకు తగ్గట్టు మార్చాం. ఆ మాట బయట చెప్పడానికి ఒప్పందం అడ్డు. స్టూడియో ఒక్క ప్రకటన ఇస్తే సరిపోయేది. ఇవ్వలేదు. ఆమె తన ఫొటోలన్నీ తీసేసింది. ఆ తర్వాత ఈ పని వైపు రాలేదు.

ఇది మా ఒక్కరి కథ కాదు. 2018 నాటి స్పైడర్‌మ్యాన్ గేమ్‌ని 2020లో ప్లేస్టేషన్ 5కి రీమాస్టర్ చేసినప్పుడు, అంటే మెరుగులు దిద్ది మళ్లీ తెచ్చినప్పుడు, హీరో పీటర్ ముఖం మార్చారు. సినిమా హీరో టామ్ హాలండ్‌లా కనిపించాలనే మార్చారని థియరీ. పీటర్‌గా నటించిన యూరీ లోవెంతాల్ ముఖ కదలికలకు కొత్త ముఖం బాగా సరిపోతుందని గేమ్ తయారుచేసిన ఇన్‌సోమ్నియాక్ చెప్పింది. పనిలో ఉన్నవాళ్లుగా నాకది నమ్మదగ్గ కారణమే. ఒకరి దవడ కదలికను వేరే దవడ మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో మాకు తెలుసు. నమ్మకపోతే వాదించండి. కానీ కొందరు బెదిరింపులకు దిగారు. 2023లో రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్‌లో ఏడా అనే పాత్రకు గొంతు ఇచ్చిన నటినీ వేధించారు.

ముందు వరసలో ఉన్న కుర్రాళ్లూ, మీతోనే మాట్లాడుతున్నాను. థియరీలు అల్లండి. గాటు గురించి అల్లండి, కుక్క గురించి అల్లండి. పాత్ర ముక్కు నచ్చలేదని ఎంతసేపైనా వాదించండి. ఆ ముక్కు గల మనిషి పేరు వెతక్కండి. వెతికినవాడు మీ గ్రూపులో ఉంటే ఆ పోస్టు తీసేయించండి. అది మీ చేతిలో ఉన్న పనే.

స్టూడియోలవాళ్లు కూడా ఇక్కడున్నారు. రెండు మాటలు. రూపం ఎందుకు మార్చారో మీరే చెప్పండి, స్కాన్‌కి వచ్చినవాళ్ల మీద దాడి జరిగితే అదే రోజు వాళ్ల పక్షాన నిలబడండి. రెండోది, పాత గేమ్‌ని అమ్మకం నుంచి తీసెయ్యకండి. 2021లో జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) మూడు గేముల కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు పాతవాటిని డిజిటల్ స్టోర్ల నుంచి తీసేశారు, గొడవయ్యాక పీసీకి మళ్లీ పెట్టారు. పాత ముఖం చూసుకునే వీలుంటే కొత్త ముఖం మీద ఇంత కోపం రాదు.

స్కానింగ్ సాంకేతికం మీద మిగిలిన స్లైడ్లు నిర్వాహకులకు ఇస్తాను, కావలసినవాళ్లు తీసుకోండి. ఏంజెలా విషయంలో నాతో ఒప్పుకోనివాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లే మైకు దగ్గరికి రండి.