కళింగపట్నం ఒడ్డున రెండు చేతుల రాడ్: రీలు మీద ఏ దారం, ఎంత మందం?

[దృశ్యం: తెల్లవారుజాము, కళింగపట్నం ఇసక. పదమూడు అడుగుల సర్ఫ్ రాడ్, అంటే ఒడ్డు నుంచి విసిరే గాలం కర్ర, స్టాండులో నిలబడి ఉంది. కెమెరా కొస నుంచి మెల్లగా రీలు దాకా దిగుతుంది.]

ఇంత పొడుగు రాడ్ కొన్నవాళ్లు షాపులో అడిగేది ఒకటే: "ఎన్ని పౌండ్ల దారం వెయ్యమంటారు?" ఏ చేప కోసం, అది ఎంత బరువు తూగుతుంది అని లెక్కేసుకుని అడుగుతారు. ఒడ్డు నుంచి విసిరే గాలానికి లెక్క చేపతో మొదలవదు, సీసంతో, అంటే దారం చివర కట్టే బరువుతో మొదలవుతుంది. ముందు సీసం ఎంతో తేల్చుకుంటే, దారాలు వాటంతటవే తేలిపోతాయి.

దారాలు అన్నాం, ఎందుకంటే రీలు మీద ఉండాల్సింది ఒకటి కాదు. అడుగున చోటు నింపే బ్యాకింగ్, దాని మీద అసలు దారం, చివర మందపాటి షాక్ లీడర్.

[దగ్గరగా: రాడ్ మీద ముద్రించిన అంకెలు. వేలు వాటి కింద ఆగుతుంది.]

హ్యాండిల్‌కి కాస్త పైన చూడండి. 100–150 గ్రాములు అని ఉంది. సీసం, ఎర కలిపి ఈ హద్దులో ఉండాలి. మన ఒడ్డున 125 గ్రాములు మంచి మధ్యస్థం. ఇక్కడ కెరటం కంటే పక్కకి లాగే నీరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వేసవి నుంచి నైరుతి వానల దాకా అది ఎక్కువగా ఉత్తరం వైపు లాగుతుంది, కార్తీకం దాటాక దక్షిణానికి తిరుగుతుంది. లాగుడు గట్టిగా ఉన్న రోజున నున్నటి గుండు నిలవదు, తీగ కాళ్లున్న సీసం ఇసకలో దిగి నిలుస్తుంది.

ఇక షాక్ లీడర్. రెండు చేతులతో తల మీదుగా విసిరినప్పుడు, కదలకుండా వేలాడుతున్న సీసం క్షణంలో పూర్తి వేగం అందుకుంటుంది. ఆ కుదుపంతా దారం మీదే పడుతుంది. మామూలు చేప లాగుడు దాని ముందు ఏపాటిది కాదు. సన్నటి దారం అక్కడ తెగిందంటే 125 గ్రాముల సీసం ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. మన ఒడ్డున పెద్దవల లాగేవాళ్లు ఉంటారు, పడవల దగ్గర వలలు బాగుచేసుకునేవాళ్లు ఉంటారు, సాయంత్రమైతే పిల్లలు ఉంటారు. అందుకే లీడర్ లేకుండా బరువు సీసం విసరనే కూడదు. ఈ వీడియోలో ఇంకేది మరిచిపోయినా ఇది మరవకండి.

లెక్క తేలిక. ఒక ఔన్సు సీసానికి 10 పౌండ్ల బరువుకి ఆగే లీడర్. ఔన్సు అంటే 28 గ్రాములు. 125 గ్రాములంటే నాలుగున్నర ఔన్సులు, కనక 45 పౌండ్లు కావాలి. షాపులో దొరికేది 50. అది నైలాన్ తంగూసులో సుమారు 0.70 మిల్లీమీటర్ల మందం. 150 గ్రాములు విసిరేవాళ్లు 60కి వెళ్లండి.

[దృశ్యం: రాడ్‌ని విసరబోయే భంగిమలో పట్టుకున్నారు. కొస నుంచి వేలాడే దారం, సీసం కనిపిస్తాయి.]

పొడుగు ఎంత? కొస నుంచి సీసం దాకా వేలాడేది మీటరున్నర. కొస నుంచి రీలు దాకా సుమారు 3.2 మీటర్లు. రీలులో దారం చుట్టుకునే స్పూలు మీద ఆరు చుట్లు, అది ఇంకో మీటరు చిల్లర. మొత్తం ఆరు మీటర్లు. ప్రతి రోజూ కింది చివర ఇసకకి గరుకెక్కుతుంది, కోసి మళ్లీ కట్టాలి, కనక ఎనిమిది మీటర్లతో మొదలుపెట్టండి. కోస్తూ కోస్తూ స్పూలు మీద నాలుగు చుట్లే మిగిలాయంటే కొత్త లీడర్ కట్టే వేళయింది. లీడర్‌ని అసలు దారానికి కలిపే ముడి స్పూలు దాటి బయటికొచ్చిందంటే విసురు బరువు సన్న దారం మీద పడినట్టే.

ఇప్పుడు అసలు దారం. ఇక్కడ రెండు దారులు: నైలాన్, లేదా అల్లిక దారం, అంటే బ్రెయిడ్.

ఫ్లై రాడ్ (సీసం లేకుండా తేలికపాటి ఎర విసిరేది) గురించి తెలిసినవాళ్లకి ఒక మాట. రెండు చేతుల ఫ్లై రాడ్‌లో దారమే బరువు. గ్రెయిన్లలో తూచి కొంటారు, 500 గ్రెయిన్ల దారపు తల అంటే 32 గ్రాములు. ఆ బరువే రాడ్‌ని వంచి ఎరని మోసుకుపోతుంది. సర్ఫ్ రాడ్‌లో ఇదంతా తలకిందులు. బరువు సీసానిది, దారం దాని వెనక లాక్కుపోబడేది. కనక ఎంత సన్నగా ఉంటే అంత దూరం పోతుంది, పక్క నీరు దాన్ని అంత తక్కువ లాగుతుంది.

ఆ లెక్కన బ్రెయిడే మేలనిపిస్తుంది. 0.23 మిల్లీమీటర్ల బ్రెయిడ్, 0.40 నైలాన్ కంటే గట్టిది. పైగా సాగదు, వంద మీటర్ల అవతల జెల్ల ఎర ముట్టుకున్నా రాడ్ కొసలో తెలుస్తుంది. కానీ దాని బలహీనత రాపిడి. గవ్వలు, ఆలిచిప్పలు, రాళ్లు తగిలాయంటే నూలు పోగులా రేగిపోతుంది. అదీకాక అది నీటికంటే తేలిక, తేలుతుంది. గాలి రోజున పైన విల్లులా వంగిపోతుంది. నైలాన్ కాస్త బరువు కనక మునుగుతుంది, సాగుతుంది కనక కుదుపుని కొంత మింగుతుంది.

మా తీర్పు ఇది. మొదటి ఏడాది 0.35 లేదా 0.40 నైలాన్ వేసుకోండి. తప్పు విసురుని అది ఓర్చుకుంటుంది, చిక్కుపడినా వేళ్లతో విప్పుకోవచ్చు. విజయనగరం జిల్లా చింతపల్లి వైపు రాళ్లున్న చోట చెయ్యి తిరిగినవాళ్లకీ నైలానే మేలు. బారువ, కళింగపట్నం లాంటి శుభ్రమైన ఇసక ఒడ్డున, విసురు కుదిరాక, బ్రెయిడ్‌కి మారండి. నాలుగు పోగులది తీసుకోండి. ఎనిమిది పోగులది నున్నగా జారుతుంది కానీ దాని పోగులు సన్నం, ఇసకకి త్వరగా తెగుతాయి.

డబ్బా మీద రాసిన పౌండ్లు చూసి కొనకండి, మందం చూడండి. చవక దారం 0.35 అని రాసి 0.42 ఉంటుంది. స్క్రూ గేజ్ ఉంటే పెట్టి చూడండి.

[దగ్గరగా: ఖాళీ స్పూలు. పెదవి మీద 0.40 మి.మీ. – 200 మీ. అని ఉంది.]

ఈ స్పూలులో 0.40 దారం 200 మీటర్లు పడుతుంది. 0.28 బ్రెయిడ్ అయితే? 0.40ని 0.28తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి: 2.04. అంటే సుమారు 400 మీటర్లు. మీకు కావాల్సింది 250. మిగతా చోటంతా చవక నైలాన్ బ్యాకింగ్‌తో నింపండి. డబ్బు మిగలడమే కాదు, బ్రెయిడ్‌ని నేరుగా నున్నటి స్పూలు మీద కడితే మొత్తం చుట్టే గిర్రున జారుతుంది. పెద్ద చేప లాగేటప్పుడు మీరు రీలు తిప్పినా దారం మాత్రం లోపలికి రాదు.

పైన ఎంత ఖాళీ వదలాలి? పెదవికి రెండు మిల్లీమీటర్లు కింద ఆపండి. దారం తక్కువైతే అంచుకి రాసుకుని దూరం పోదు. దారం ఎక్కువైతే విసిరినప్పుడు నాలుగైదు చుట్లు ఒకేసారి లేచి కోడిగూడులా చిక్కుపడతాయి.

ఆ చిక్కుకి ఇంకో కారణం వదులు చుట్లు. సీసం తెగిపోయి ఖాళీ దారాన్ని లాగేటప్పుడు అది బిగువు లేకుండా చుట్టుకుంటుంది, తర్వాతి విసురులో పై చుట్టు కింది చుట్టుని పట్టుకొస్తుంది. దారాన్ని రెండు వేళ్ల మధ్య తడిబట్టతో పట్టుకుని చుట్టండి. విసిరాక, రీలు మీద దారాన్ని పట్టి ఉంచే బెయిల్ తీగని హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూసి, దారాన్ని ఒకసారి లాగి బిగించండి.

[దగ్గరగా: రెండు దారాలు ఎదురెదురుగా. తడి వేళ్లు.]

లీడర్ ముడి. నైలాన్‌కి నైలాన్ అయితే డబుల్ యూని చాలు. రెండు దారాలూ ఎదురెదురుగా, చెరో జానెడు ఒకదాని మీద ఒకటి పెట్టండి. సన్న దారాన్ని వెనక్కి మడిచి, ఆ ఉచ్చులోంచి ఆరు చుట్లు తిప్పి కాస్త బిగించండి. మందపు దారానికి మూడే చుట్లు. ఆరు వేస్తే ముడి లావై రాడ్ రింగులకి కొట్టుకుంటుంది. ఇప్పుడు ఉమ్ముతో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే పాలిపోతుంది, బలం పోతుంది. తడిపాక మెల్లగా లాగండి, రెండు ముడులూ దగ్గరికొచ్చి టక్కున తగులుతాయి. తోకలు ఒక మిల్లీమీటరు ఉంచి కొయ్యండి.

బ్రెయిడ్‌కి ఈ ముడి జారుతుంది. దానికి ఎఫ్‌జీ ముడి కట్టాలి: బ్రెయిడ్‌ని బిగువుగా పెట్టి, లీడర్‌ని దాని మీద అటు ఒకటి ఇటు ఒకటిగా ఇరవై సార్లు అల్లి, ఐదారు సగం ముడులతో మూయాలి. ఇంట్లో పది కట్టి చూసుకుని గానీ ఒడ్డుకి రాకండి.

[దగ్గరగా: దారం పట్టుకున్న చూపుడువేలికి తోలు తొడుగు.]

ఇది లేకుండా బ్రెయిడ్ విసరొద్దు, వేలు కోసుకుపోతుంది. విసిరే ముందు డ్రాగ్, అంటే స్పూలుని పట్టి ఉంచే బ్రేకు, పూర్తిగా బిగించండి. స్పూలు జారితే అప్పుడూ వేలే తెగుతుంది. సీసం నీళ్లలో పడ్డాక డ్రాగ్ వదులు చెయ్యాలి, చాలామంది మరిచిపోయేది ఇక్కడే. దారం తెగే బరువులో నాలుగో వంతు పెట్టండి. 0.35 నైలాన్ సుమారు 8 కిలోలకి తెగుతుంది, కనక 2 కిలోలు. స్ప్రింగు త్రాసు కొక్కేన్ని దారానికి తగిలించి లాగితే ముల్లు ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది.

చివరి మూర, అంటే గాలానికి కట్టే ముక్క, ఇది మాత్రం చేపని బట్టే. వంశధార మొగలో పండుగప్ప తగిలితే దాని గరుకు పెదవులు, కత్తిలాంటి మొప్ప అంచు సన్న తంగూసుని మిగల్చవు. 50 పౌండ్లది వెయ్యండి. జెల్లలకి 30 చాలు. సొర వచ్చే చోట తీగ తప్ప ఏదీ ఆగదు.

[దృశ్యం: ఇంటి పెరడు. రీలు మీద మంచినీళ్లు సన్నగా పోస్తున్నారు.]

ఇంటికొచ్చాక ఉప్పు కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండ నైలాన్‌ని పెళుసు చేస్తుంది. కోసిన ముక్కలు ఒక్కటి కూడా ఇసకలో వదలకండి. మన ఒడ్డుకి సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, తంగూసు వాటి రెక్కలకి చుట్టుకుందంటే ఊడదు. ఖాళీ నీళ్ల సీసా ఒకటి సంచిలో పెట్టుకుని ముక్కలన్నీ అందులో వేసి మూత బిగించండి.