మెరీనా లాడ్జ్ దక్కింది, మిగతావి ఎందుకు దక్కడం లేదు? చెన్నై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. జార్జ్ టౌన్‌లో మరో పాత భవనం కూల్చేశారు. మెరీనాలో ఇప్పటి డీజీపీ ఆఫీసు భవనాన్ని కూడా 1993లో కూల్చాలనుకున్నారు. అది ఒకప్పటి ఫ్రీమేసన్ల లాడ్జ్, అంటే సభ్యులకు తప్ప బయటివాళ్ళకి ప్రవేశం లేని ఒక సోదర సంఘం కలుసుకునే మందిరం. ఈ రోజు ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. మేడం, లోపల రహస్యంగా ఏం జరిగేది?

లెక్చరర్: రహస్యం సంగతి తర్వాత చూద్దాం. 'పర్ఫెక్ట్ యునానిమిటీ' అనే లాడ్జ్, అంటే ఆ సంఘం శాఖ, 1786లో మొదలైంది. 1839లో సముద్రం ఒడ్డున ఈ భవనం కట్టుకున్నారు. 1865లో ప్రభుత్వం అద్దెకు తీసుకుంది, 1874లో 20,000 రూపాయలకు కొనేసింది. అప్పటినుంచి పోలీసులే...

కార్యకర్త: ఒక్క నిమిషం మేడం. కొన్నది ప్రభుత్వమే, కూల్చబోయిందీ ప్రభుత్వమే! పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ కోర్టుకు వెళ్ళకపోతే ఈ రోజు అక్కడ అద్దాల టవర్ ఉండేది. అది చెప్పండి ముందు!

లెక్చరర్: అదే చెప్పబోతున్నాను...

కార్యకర్త: బెంటింక్ బిల్డింగ్ ఏమైంది? 1892లో ఇప్పటి భవనంలోకి మారేదాకా హైకోర్టు నడిచింది అక్కడే. కూల్చేసి సింగారవేలర్ మాళిగై కట్టారు. ఎవరైనా అడిగారా?

బిల్డర్: సార్, నన్నూ మాట్లాడనివ్వండి. గోడలు బీటలు వారి, పైకప్పు కారుతుంటే అందులో పనిచేసేవాళ్ళ సంగతేంటి? రిపేరు ఖర్చు ఎవరిస్తారు?

కార్యకర్త: అదే పాత పాట! ముందు రిపేరు మానేస్తారు, తర్వాత ప్రమాదకరం అంటారు. మౌంట్ రోడ్డులో భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ చూడండి. 2006లో కూల్చడం మొదలుపెట్టారు, కోర్టు ఆపింది. 2010లో కూల్చొద్దని తీర్పు వచ్చింది. అయినా ఏం బాగైంది?

బిల్డర్: నేను అడిగేదీ అదేనండి. తీర్పు ఇచ్చారు, డబ్బు ఇవ్వలేదు.

యాంకర్: సరే, మళ్ళీ లాడ్జ్‌కి వద్దాం. బయటివాళ్ళకి తలుపులు మూసిన సంఘం కాబట్టే ప్రజలకి దాని మీద ప్రేమ లేదంటారా?

లెక్చరర్: అలా ఎలా అంటారు? ఫ్రీమేసన్లు నగరం వదిలి వెళ్ళలేదు. ఎగ్మూరులో ఎతిరాజ్ సాలై మీద వాళ్ళ హాలు 1925 నుంచి ఉంది. ఆర్మేనియన్ వీధిలో గోఖలే హాలు సంగతి కూడా చెప్పుకోవాలి. అనీ బిసెంట్ స్థాపించిన యువజన సంఘానిది. అక్కడ హోమ్ రూల్ ఉపన్యాసాలు జరిగాయి, కచేరీలు జరిగాయి. త్యాగరాజ కృతులు, అంటే మన తెలుగు పాటలు, అక్కడ...

కార్యకర్త: మేడం, పాటల సంగతి వదలండి, పాయింటు మీద ఉండండి! కోర్టు గడప తొక్కిన భవనమే బతికింది. ఇది మూడోసారి చెప్తున్నాను.

బిల్డర్: అలా అయితే ప్రతి పాత ఇంటివాడూ లాయర్‌ను పెట్టుకోవాలా? జార్జ్ టౌన్‌లో ఉన్నవి చాలావరకు ప్రైవేటు ఆస్తులు సార్. మూడు తరాల వాటాలు తెగక నలుగురు అన్నదమ్ములు కొట్టుకుంటుంటే, వాళ్ళకి హెరిటేజ్ అంటే ఏం అర్థమవుతుంది?

కార్యకర్త: అర్థమయ్యేలా చట్టం తెచ్చారు కదా! తమిళనాడు హెరిటేజ్ కమిషన్ చట్టం 2012లో వచ్చింది. పన్ను తగ్గించండి, రిపేరుకు సాయం చేయండి, కూల్చితే కేసు పెట్టండి. అంతే!

లెక్చరర్: పన్ను సంగతిలో బిల్డర్ గారు చెప్పింది కొంత...

కార్యకర్త: ఆయన చెప్పింది ఏమీ లేదు మేడం!

యాంకర్: ఆవేశం వద్దు సార్. నాకు ఒక్కటే సందేహం, ఆ మెరీనా భవనంలో మేసన్ల గుర్తులు ఇంకా ఉన్నాయా?

లెక్చరర్: మళ్ళీ అదేనా? గుర్తులు కాదండి, జనం అడగాల్సింది దాన్ని ఎప్పుడు చూడనిస్తారని. అది పోలీసు ఆఫీసు. ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళి చూసే వీలు లేదు.

కార్యకర్త: చూడకపోయినా ఉంది కదా! రోజూ మెరీనాకు వెళ్ళే లక్షల మందికి బయటినుంచైనా కనిపిస్తోంది. కూలిపోయినవి ఎవరికి కనిపిస్తాయి?

బిల్డర్: నా లెక్క పూర్తి చేయనివ్వండి, చదరపు అడుగుకి...

యాంకర్: సమయం అయిపోయింది. కార్యకర్త గారు ఒక్క మాట అంటున్నారు, త్వరగా సార్.

కార్యకర్త: ఒక్క మాట కాదు, రెండు. జార్జ్ టౌన్‌లో హెరిటేజ్ జాబితాకెక్కని పాత ఇళ్ళన్నీ ముందు లెక్క రాయండి. ఆ తర్వాతే ఇంకో ఇటుక కదల్చండి!

బిల్డర్: సార్, నాకు అర నిమిషం...

యాంకర్: బ్రేక్.