ముందు నువ్వు రాయి, తర్వాత ఏఐని అడుగు

(దృశ్యం: ఆర్కే బీచ్, తెల్లవారుజాము. టీచర్ కెమెరా వైపు నడుస్తూ మాట్లాడతారు.)

నమస్తే. నేను విశాఖలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం వాళ్లకు పర్యావరణ శాస్త్రం చెబుతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్నే దాటింది. మా పిల్లలు అప్పటికి చిన్నవాళ్లు. దాని మీద రాసుకురమ్మని ఒక అసైన్‌మెంట్ ఇచ్చాను.

అరవై పేపర్లు వచ్చాయి. ఒకే పేపర్‌ను అరవై సార్లు చదివినట్టుంది. దాదాపు అన్నీ ఏఐ రాసిపెట్టినవే. హుద్‌హుద్ అనే పేరు పెట్టింది మన దేశమేనని కొన్నింటిలో ఉంది. నిజానికి ఆ పేరు ఇచ్చింది ఒమన్. తప్పు దిద్దుకోవచ్చు. కానీ ఇంటి పైరేకులు ఎగిరిపోవడం కళ్లారా చూసిన పిల్లలు కూడా ఆ సంగతి ఒక్క వాక్యం రాయలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

(స్క్రీన్ మీద ఒక వాక్యం ఒక్కో మాటగా కనిపిస్తుంది.)

ఏఐ ఎందుకు తప్పు చెబుతుంది? అది లెక్కలేనంత రాతను చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో నేర్చుకుంది. జవాబు కూడా అలాగే అల్లుతుంది. అందుకే తెలిసిన విషయాన్నీ తెలియని విషయాన్నీ ఒకే ధీమాతో చెప్పేస్తుంది.

అలాగని వాడొద్దని చెప్పలేను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు నా క్లాసులో ఉన్నారు. ఇంగ్లిష్‌లో డౌట్ అడగాలంటే వాళ్లకు టెన్షన్. రాత్రి పదింటికి అదే డౌట్‌ను తెలుగులో ఏఐని పదిసార్లు అడిగినా ఎవరూ నవ్వరు. ఆ ధైర్యాన్ని నేను తీసేయను.

మార్చింది పద్ధతి. ముందు తెలిసినంత సొంతంగా, కాగితం మీద, తప్పయినా సరే రాయాలి. తర్వాత ఏఐకి ఇలా చెప్పాలి.

(స్క్రీన్ మీద: "జవాబు చెప్పొద్దు. నేను రాసింది చదివి, నన్ను ఒక్కో ప్రశ్న అడుగు.")

చాట్‌జీపీటీలో 2025 జూలై నుంచి ఇలా నేర్పే స్టడీ మోడ్ కూడా ఉంది. అది లేకపోయినా పై రెండు వాక్యాలు చాలు. పేర్లు, తేదీలు, అంకెలు మాత్రం వాతావరణ శాఖ నివేదికలో సరిచూసుకోవాలి. చివర్లో వైవా, అంటే ప్రతి ఒక్కరినీ ఐదు నిమిషాలు నోటితో అడుగుతాను. అరవై మందికి ఐదు గంటలు పడుతుంది. నాకది భారం కాదు, ఎవరికి ఏది అర్థం కాలేదో అక్కడే తెలుస్తుంది.

(దృశ్యం: క్లాస్‌రూమ్, బోర్డు.)

పెదజాలరిపేట అబ్బాయి ఒకడు వాళ్ల నాయనమ్మ మాటలు రాసుకొచ్చాడు. "గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. అయిపోయిందనుకున్నాం. మళ్లీ అవతలి దిక్కు నుంచి కొట్టింది." ఆవిడ పొరపాటు పడిందేమోనని వాడి అనుమానం. ఏఐ జవాబు చెప్పకుండా, "తుఫాను మధ్యలో గాలి ఎలా ఉంటుంది?" అని అడిగింది. వాడు ఒక సుడి గీశాడు. నడుమ ఖాళీ వదిలాడు. అదే తుఫాను కన్ను. అది ఊరి మీదుగా వెళ్తే ముందు ఒక దిక్కు గాలి, నడుమ నిశ్శబ్దం, ఆ తర్వాత ఎదురు దిక్కు గాలి.

వైవాలో నేను ప్రశ్న పూర్తి చేయకముందే చాక్‌పీస్ అందుకుని బోర్డు మీద ఆ సుడి గీసి, "నాయనమ్మ చెప్పింది నిజమే మేడమ్" అన్నాడు.